ఇంటి నీళ్ల మోటరుకు కాంటాక్టర్ వైరింగ్: సామాను ఎంపిక నుంచి చివరి పరీక్ష దాకా

సంపులోని నీళ్లను మీది ట్యాంకుకు ఎక్కించే మోటరును గోడ మీది మామూలు స్విచ్చుతోనే నడిపే ఇళ్లు హనుమకొండ, వరంగల్, కాజీపేటల్లో ఇప్పటికీ చాలా ఉన్నాయి. ఆ స్విచ్చు కాలిపోవడం, కొత్తది వేయడం, మళ్లీ కాలిపోవడం మామూలైపోయాక, "కాంటాక్టర్ పెడితే సరిపోతదట గదా, వైర్లు ఎట్ల కలపాలె?" అని అడిగేవారు ఎండాకాలం రాగానే ఎక్కువవుతారు. కాంటాక్టర్ అంటే అయస్కాంతంతో కలిసే, విడిపోయే పెద్ద స్విచ్చు. ఈ వైర్ల ప్రశ్నకు రెండు ముక్కల్లో జవాబు చెప్పడం ప్రమాదం కనుక, పని మొత్తాన్ని వరుసగా ఇక్కడ రాస్తున్నాను.

ఉదాహరణగా తీసుకున్నది సింగిల్ ఫేజ్, 230 వోల్టుల, 1 హెచ్‌పీ మోనోబ్లాక్ మోటరు (మోటరు, పంపు ఒకే ముక్కగా ఉండేది). దీని కెపాసిటర్ (మోటరు లేవడానికి తోడ్పడే, చార్జిని నిలిపే భాగం) మోటరు మీదే ఉంటుంది. బోరులో దింపే సబ్‌మెర్సిబుల్ మోటరు ప్యానెల్‌లో కెపాసిటర్లు విడిగా ఉంటాయి కాబట్టి, దానికి ఆ ప్యానెల్ మూత లోపల అతికించిన బొమ్మనే అనుసరించాలి. మూడు ఫేజుల మోటరుకు ఈ కలయిక పనికిరాదు.

వైర్‌మన్ పర్మిట్ ఉన్నవారు ఈ వరుసలో పని చేయవచ్చు. పర్మిట్ లేని ఇంటి యజమాని దీన్ని దగ్గర పెట్టుకుని, వచ్చిన ఎలక్ట్రీషియన్ ఏ మెట్టునూ దాటవేయకుండా చూసుకోవాలి. కరెంటు ఉన్న డబ్బాలో మీటరు పెట్టి కొలిచే పనులు మాత్రం పర్మిట్ ఉన్నవారే చేయాలి.

1. డబ్బాలో ఉండే రెండు దారులు

కాంటాక్టర్‌ను బిగించే స్టార్టర్ డబ్బాలో కరెంటుకు రెండు దారులుంటాయి. మోటరుకు వెళ్లే పెద్ద కరెంటు నడిచేది పవర్ దారి. కాంటాక్టర్ కాయిల్‌కు (లోపలి తీగచుట్టకు) వెళ్లే చిన్న కరెంటు నడిచేది కంట్రోల్ దారి. స్టార్ట్ బటన్ నొక్కినప్పుడు మన వేలు నడిపేది ఈ చిన్న కరెంటునే. కాయిల్ అయస్కాంతమై లోపలి పాయింట్లను లాగితే మోటరుకు కరెంటు అందుతుంది.

పవర్ దారిలో తప్పు జరిగితే సాధారణంగా ఎమ్‌సీబీ (కరెంటు మితిమీరితే తానే దిగిపోయే స్విచ్చు) పడిపోయి, తప్పు వెంటనే బయటపడుతుంది. కంట్రోల్ దారిలోని తప్పు అలా కాదు. మోటరు చక్కగా తిరుగుతూనే ఉంటుంది, కానీ అవసరమైన రోజున స్టాప్ బటన్ పనిచేయదు, లేదా ఓవర్‌లోడ్ రిలే (మోటరు ఎక్కువ కరెంటు లాగుతుంటే వేడెక్కి కంట్రోల్ దారిని తెంపే భాగం) పడినా మోటరు ఆగదు. అందుకే ఈ పనిలో నేను పట్టుబట్టే నియమం ఒకటుంది: కంట్రోల్ దారి పరీక్ష పూర్తయ్యేదాకా మోటరు వైర్లను కలపకూడదు.

2. సామాను ఎంపిక

ముందుగా మోటరు మీది నేమ్‌ప్లేట్ చదివి, అందులోని ఆంపియర్లను కాగితం మీద రాసుకోవాలి. 1 హెచ్‌పీ అంటే 746 వాట్లు కదా అని దాన్ని 230తో భాగించి, 3.2 ఆంపియర్లని లెక్కగట్టేవారున్నారు. అది షాఫ్టు దగ్గర అందే శక్తి మాత్రమే. మోటరులోని నష్టాలు, పవర్ ఫ్యాక్టర్ కలిపితే లైను నుంచి తీసుకునే కరెంటు చాలా మోటర్లలో 6 నుంచి 8 ఆంపియర్ల మధ్య ఉంటుంది. స్టార్టింగ్‌లో క్షణకాలం దానికి నాలుగైదు రెట్లు లాగుతుంది.

కాంటాక్టర్ కొనేటప్పుడు దుకాణంలో "ఎన్ని ఆంప్స్?" అని మాత్రమే అడుగుతారు. మనం ఇంకో రెండు చూడాలి. మొదటిది, ఏసీ-3 రేటింగ్, అంటే మోటర్లకు వర్తించే ఆంపియర్లు. అదే కాంటాక్టర్ మీద ఏసీ-1 అని ఇంకో పెద్ద అంకె కూడా ఉంటుంది, కానీ అది గీజర్ల వంటి వేడిచేసే సామానుకు వర్తించేది. రెండవది, కాయిల్ వోల్టేజీ. చూడడానికి అచ్చం ఒకేలా ఉండే కాంటాక్టర్లు 24, 110, 240, 415 వోల్టుల కాయిళ్లతో వస్తాయి. వ్యవసాయ మోటర్ల స్టార్టర్లలో 415 వోల్టుల కాయిల్ సర్వసాధారణం కాబట్టి, మన వైపు దుకాణాల్లో అడగకుండా చేతికిచ్చేది అదే కావచ్చు. ఇంటి లైనుకు దాన్ని కలిపితే గుయ్యిమంటుందే తప్ప పూర్తిగా లాగదు.

కొనాల్సిన సామాను:

- మూడు పోళ్ల (విడివిడిగా మూడు కరెంటు దారులున్న) కాంటాక్టర్: ఏసీ-3లో 9 ఆంపియర్లు చాలు, 12 అయితే నిశ్చింత. కాయిల్ 230 లేదా 240 వోల్టులు. 13–14 అంకెలున్న ఎన్‌ఓ (మామూలుగా విడిపోయి ఉండే) పాయింటు తప్పనిసరి.
- ఆ కాంటాక్టర్‌కే సరిపోయే థర్మల్ ఓవర్‌లోడ్ రిలే. నేమ్‌ప్లేట్ ఆంపియర్లు దాని డయల్ మధ్య భాగంలో పడాలి. 7.5 ఆంపియర్ల మోటరుకు 6–10 రేంజి సరిపోతుంది.
- రెండు పోళ్ల 16 ఆంపియర్ల సి-కర్వ్ (స్టార్టింగ్ కరెంటుకు పడిపోని రకం) ఎమ్‌సీబీ, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్తుకు లీకైతే పడిపోయే స్విచ్చు).
- ఆకుపచ్చ స్టార్ట్ బటన్ (ఎన్‌ఓ), ఎర్ర స్టాప్ బటన్ (ఎన్‌సీ, అంటే మామూలుగా కలిసి ఉండేది).
- కంట్రోల్ దారికి 2 ఆంపియర్ల ఫ్యూజు, హోల్డర్‌తో సహా.
- పవర్‌కు, ఎర్తుకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. కంట్రోల్‌కు 1 చదరపు మిల్లీమీటరు వైరు, వేరే రంగులో.
- లగ్గులు, కేబుల్ గ్లాండ్లు, నంబర్ల స్లీవులు, మూత గట్టిగా పడే డబ్బా.

మీటరు బోర్డు నుంచి స్టార్టర్ డబ్బా దూరంగా ఉంటే వైరు మందాన్ని లెక్కగట్టి చూడాలి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు కిలోమీటరుకు దాదాపు 7.4 ఓమ్‌ల నిరోధం ఇస్తుంది. 30 మీటర్ల దూరానికి రానుపోను 60 మీటర్లు, అంటే సుమారు 0.44 ఓమ్‌లు. 7 ఆంపియర్ల దగ్గర పోయేది 3 వోల్టులే అయినా, స్టార్టింగ్‌లో 35 ఆంపియర్లు లాగినప్పుడు 15 వోల్టులు పోతాయి. లైనులో 215 ఉన్న సాయంత్రం డబ్బా దగ్గర ఆ క్షణంలో మిగిలేది 200. ఏసీ కాయిల్ తన రేటింగులో 85 శాతం అందితేనే నమ్మకంగా లాగుతుంది, అంటే 240 కాయిల్‌కు 204 కావాలి. కాంటాక్టర్ టకటకమని కొట్టుకోవడానికి అసలు కారణం చాలాసార్లు ఈ లెక్కలోనే దొరుకుతుంది. అంత దూరమున్నప్పుడు 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేయడం మేలు.

3. కరెంటు తీయడం, పోయిందని రుజువు చేసుకోవడం

ఈ మెట్టులో తొందర పనికిరాదు. ఎమ్‌సీబీ దించి, దానికి టేపు అంటించి, "పని జరుగుతోంది, వేయవద్దు" అని చీటీ పెట్టాలి. ఇంట్లోవాళ్లకు నోటితో కూడా చెప్పాలి. నల్లా వచ్చే సమయం కాగానే అలవాటు చొప్పున వెళ్లి ఎవరో ఒకరు ఎమ్‌సీబీ ఎత్తుతారు, వాళ్ల తప్పేమీ లేదు.

ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో మెయిన్ దించినా కొన్ని వైర్లలో కరెంటు ఉంటుంది. ఇన్వర్టర్‌ను కూడా ఆపి, దాని అవుట్‌పుట్‌ను విడదీయాలి.

నియాన్ టెస్టర్ వెలగలేదని కరెంటు లేదనుకోవద్దు. మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల మీద పెట్టి ఈ మూడు వరుసగా చేయాలి:

- మీటరు పనిచేస్తోందా అని, కరెంటు ఉన్న వేరే సాకెట్‌లో చూడాలి.
- పని చేయబోయే చోట ఫేజు–న్యూట్రల్, ఫేజు–ఎర్తు, న్యూట్రల్–ఎర్తు మధ్య సున్నా వస్తోందా చూడాలి.
- మళ్లీ కరెంటు ఉన్న సాకెట్‌లో చూసి, ఈలోగా మీటరు పాడవలేదని నిర్ధారించుకోవాలి.

కెపాసిటర్ సంగతి మరచిపోతారు. సరఫరా తీసేసినా అందులో చార్జి నిలిచి ఉండవచ్చు. స్క్రూడ్రైవర్‌తో రెండు కొసలూ తాకించి "టప్" మనిపించే అలవాటు మానుకోవాలి, దానివల్ల కెపాసిటర్ దెబ్బతింటుంది, కళ్లలో నిప్పురవ్వలు పడవచ్చు. 10 కిలో ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో రెండు కొసలకూ అయిదు సెకన్లు తాకిస్తే చార్జి నెమ్మదిగా దిగిపోతుంది. దిగిందో లేదో మీటరును డీసీ వోల్టుల మీద పెట్టి చూసుకోవాలి.

4. డబ్బా బిగింపు, ఎర్తింగ్

డబ్బాను ఛాతీ ఎత్తులో, వాన జల్లు, సంపు తేమ తగలని చోట బిగించాలి. మధ్యాహ్నపు ఎండ నేరుగా పడే పడమటి గోడ వద్దు, ఎందుకంటే థర్మల్ రిలే వేడితోనే పనిచేస్తుంది కాబట్టి మే నెల ఎండలో కారణం లేకుండానే పడిపోతుంది.

కేబుళ్లు డబ్బా అడుగు నుంచే లోపలికి రావాలి. ప్రతి కేబుల్‌కు గ్లాండు ఉండాలి, వాడని రంధ్రాలన్నీ మూసేయాలి. ఈ మాట నీళ్ల కోసం మాత్రమే చెప్పడం లేదు. మన ఇళ్లలో స్టార్టర్ డబ్బాలను పాడుచేసేవాటిలో బల్లులు, చీమలదే పెద్ద వాటా. కాంటాక్టర్ అయస్కాంతం మధ్యలో నాలుగు చీమలు నలిగినా అది పూర్తిగా మూసుకోక గుయ్యిమంటూ వేడెక్కుతుంది.

ఎర్తు వైరును అన్నిటికంటే ముందు కలపాలి. ఇనుప డబ్బాకు ఒకటి, దాని తలుపుకు ఒకటి, మోటరు బాడీకి ఒకటి వెళ్లాలి. మోటరు బాడీకి, ఎర్తు బార్‌కు మధ్య నిరోధం 1 ఓమ్ లోపే రావాలి. నీళ్ల పైపును ఎర్తుగా వాడవద్దు, ఇప్పుడు సగం పైపులు ప్లాస్టిక్‌వే.

5. పవర్ దారి వైరింగ్

ఓవర్‌లోడ్ రిలేలో మూడు పోళ్లలోనూ కరెంటు సమానంగా నడవాలి. ఒకటి ఖాళీగా వదిలితే, ఫేజు పోయిందనుకుని పడిపోయే రిలేలు ఉన్నాయి. మన దగ్గరున్నది ఫేజు, న్యూట్రల్ రెండే కాబట్టి న్యూట్రల్‌ను రెండు పోళ్ల గుండా తిప్పాలి. రిలే నేరుగా కాంటాక్టర్ కింది కొసలకు బిగిసినప్పుడు వరుస ఇది (1/ఎల్1 వంటివి కొసల పక్కన రాసి ఉండే గుర్తులు):

1. ఆర్‌సీసీబీ, ఎమ్‌సీబీ దాటి వచ్చిన ఫేజు కాంటాక్టర్ మీద 1/ఎల్1కు.
2. అలాగే వచ్చిన న్యూట్రల్ 3/ఎల్2కు.
3. రిలే కింద 4/టీ2 నుంచి ఒక వైరు పైకి వెళ్లి కాంటాక్టర్ 5/ఎల్3కు.
4. రిలే 2/టీ1 మోటరు ఫేజుకు, రిలే 6/టీ3 మోటరు న్యూట్రల్‌కు. ఈ రెండూ చివరన కలిపేవి కాబట్టి ప్రస్తుతం ఖాళీగా ఉంచాలి.

మూడో అంశంలోని వైరును చాలామంది వదిలేస్తారు, లేదా 5కు బదులు 6కు కలుపుతారు. ప్రతి స్క్రూ బిగించాక వైరును చేత్తో గట్టిగా లాగి చూడాలి. స్క్రూ కింద రాగి మాత్రమే ఉండాలి, ఇన్సులేషన్ నలగకూడదు.

6. కంట్రోల్ దారి వైరింగ్

1. కాంటాక్టర్ 1/ఎల్1 నుంచి 2 ఆంపియర్ల ఫ్యూజుకు.
2. ఫ్యూజు నుంచి ఓవర్‌లోడ్ రిలే 95కు (95–96 అనేది రిలే పడినప్పుడు విడిపోయే పాయింటు).
3. రిలే 96 నుంచి మీది ట్యాంకు ఫ్లోట్ స్విచ్చుకు (నీళ్లతో పాటు పైకి లేచి, ట్యాంకు నిండగానే విడిపోయే స్విచ్చు). ఫ్లోట్ లేకపోతే నేరుగా స్టాప్ బటన్‌కు.
4. ఫ్లోట్ నుంచి స్టాప్ బటన్ (ఎన్‌సీ) ఒక కొసకు.
5. స్టాప్ రెండో కొస నుంచి స్టార్ట్ బటన్ (ఎన్‌ఓ) ఒక కొసకు. ఇదే చోటు నుంచి ఇంకో వైరు కాంటాక్టర్ 13కు.
6. స్టార్ట్ రెండో కొస నుంచి కాయిల్ ఒక కొస అయిన ఏ1కు. కాంటాక్టర్ 14 నుంచి కూడా ఏ1కే.
7. కాయిల్ రెండో కొస ఏ2 నుంచి 3/ఎల్2కు, అంటే న్యూట్రల్‌కు.

స్టార్ట్ బటన్ వదిలేసినా కాంటాక్టర్ పట్టుకునే ఉండడానికి కారణం 13–14 పాయింటు. దీన్నే హోల్డింగ్ అంటారు. 13కు వెళ్లే వైరు స్టాప్, స్టార్ట్ బటన్ల మధ్య నుంచే రావాలి. స్టాప్‌కు ముందు నుంచి తీసుకుంటే స్టాప్ ఎంత నొక్కినా మోటరు ఆగదు.

ఏ2కు న్యూట్రల్ పక్కనున్న లైటు బోర్డు నుంచి తేవద్దు. ఫేజు ఆర్‌సీసీబీ దాటి వచ్చి, న్యూట్రల్ వేరే దారిలో తిరిగి వెళితే, ఆర్‌సీసీబీ దాన్ని లీకేజీగా లెక్కగట్టి పడిపోతుంది. కంట్రోల్ ఫేజును వేరే సర్క్యూట్ నుంచి తేవడం ఇంకా చెడ్డది, మోటరు ఎమ్‌సీబీ దించినా డబ్బాలో కరెంటు మిగిలే ఉంటుంది.

ఫ్లోట్ స్విచ్చు మూడు వైర్లలో ట్యాంకు నిండినప్పుడు విడిపోయే జత కావాలి. రంగులు తయారీని బట్టి మారుతాయి కాబట్టి, ఫ్లోట్‌ను చేత్తో పైకి కిందికి తిప్పుతూ మల్టీమీటర్ కంటిన్యుటీలో (వైర్లు కలిసి ఉన్నాయో లేదో చూపే సెట్టింగులో) చూసి ఆ జతను పట్టుకోవాలి. ఫ్లోట్ కేబుల్‌కు ట్యాంకులో జాయింటు ఉండకూడదు.

7. మోటరు కలపకుండా పరీక్ష

ముందు కరెంటు లేకుండా, ఫ్యూజు తీసి, ఏ1–ఏ2 మధ్య నిరోధం కొలవాలి. చిన్న 240 వోల్టుల కాయిల్‌కు కొన్ని వందల ఓమ్‌లు వస్తాయి. సున్నాకు దగ్గరగా వస్తే షార్టు, ఏమీ రాకపోతే కాయిల్ తెగినట్టు. తరువాత ఫ్యూజు వేసి, మూత పెట్టి, ఎమ్‌సీబీ ఎత్తి కింది వరుసలో చూడాలి. ఒక అంశం తప్పితే అక్కడే ఆగి, మూడో మెట్టులో చెప్పినట్టు కరెంటు తీసి సరిచేసి, మళ్లీ మొదటి నుంచి చూడాలి.

- ఎమ్‌సీబీ ఎత్తగానే కాంటాక్టర్ కదలకూడదు. కదిలితే స్టార్ట్ బటన్‌లో ఎన్‌ఓకు బదులు ఎన్‌సీ కొసలు వాడారన్నమాట.
- స్టార్ట్ నొక్కితే ఒక్కసారి "టక్" మని పట్టుకోవాలి, వేలు తీసినా నిలవాలి. వేలు తీయగానే వదిలేస్తే 13–14 కలయిక చూడాలి.
- స్టాప్ నొక్కగానే వదలాలి. వదలకపోతే 13 వైరు స్టాప్‌కు ముందు నుంచి వచ్చింది.
- మళ్లీ స్టార్ట్ చేసి, రిలే మీది టెస్ట్ మీటను చిన్న స్క్రూడ్రైవర్‌తో కదిపితే వదలాలి. వదలకపోతే రిలే 95–96 పాయింటును కంట్రోల్ దారిలో పెట్టలేదన్నమాట. ఈ మీట కోసం మూత తీయాల్సి వస్తే, ఇన్సులేషన్ ఉన్న స్క్రూడ్రైవర్‌తో, రెండో చేతిని డబ్బాకు దూరంగా ఉంచి చేయాలి.
- ఒకరు పైన ఫ్లోట్‌ను ఎత్తితే కింద కాంటాక్టర్ వదలాలి.
- కాంటాక్టర్ పట్టుకుని ఉండగా ఎమ్‌సీబీ దించి, పది సెకన్ల తరువాత ఎత్తాలి. అది తనంతట తాను పట్టుకోకూడదు.

చివరి అంశం గురించి వాదించేవారు ఉంటారు. కరెంటు రాగానే మోటరు దానంతటదే నడవాలని 13–14 దగ్గర తీగ వేసి దాటవేయమని అడుగుతారు. పొలాల్లో ఆటో స్టార్టర్లు చూసి వచ్చిన అలవాటిది. ఇంట్లో అది అక్కర్లేదు. కరెంటు పోయిందని సంపు మూత తీసి, ఫుట్‌వాల్వ్ (నీళ్లు పీల్చే పైపు అడుగున ఉండే వాల్వు) శుభ్రం చేస్తున్న మనిషి చేతిలో పైపు ఉండగా మోటరు లేస్తే ఏమవుతుందో ఆలోచించాలి. ఎవరు అడిగినా నేను ఆ తీగ వేయను.

8. మోటరు కలపడం, ఆంపియర్ల సెట్టింగు

మళ్లీ కరెంటు తీసి, పోయిందని మూడో మెట్టు ప్రకారం రుజువు చేసుకున్నాక మోటరు వైర్లను 2/టీ1, 6/టీ3లకు కలపాలి. పాత మోటరైతే కలపకముందే 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరుతో) వైండింగుకు, బాడీకి మధ్య ఇన్సులేషన్ చూడాలి. 1 మెగా ఓమ్ కంటే తక్కువైతే మోటరును ముందు వైండింగ్ షాపుకు పంపాలి.

రిలే డయల్‌ను నేమ్‌ప్లేట్ ఆంపియర్ల దగ్గరే పెట్టాలి. రీసెట్‌ను మాన్యువల్‌లో ఉంచాలి. పంపు ప్రైమింగ్ చేసి (ముందుగా నీళ్లతో నింపి), స్టార్ట్ నొక్కి, క్లాంప్ మీటర్‌తో ఒక్క ఫేజు వైరునే పట్టి కొలవాలి. ఫేజు, న్యూట్రల్ రెండూ కలిపి పట్టుకుంటే సున్నా వస్తుంది. పది నిమిషాలు నడిచాక వచ్చే అంకె నేమ్‌ప్లేట్‌కు లోపే ఉండాలి.

రిలే పదేపదే పడిపోతుంటే డయల్‌ను పెంచి ఊరుకోవద్దు. అలా 10కి తిప్పి వదిలేసిన ఒక మోటరు వైండింగు నలభై రోజుల్లో మసైపోవడం చూశాను. అసలు కారణం ఇసుక చేరి బిగుసుకుపోయిన ఇంపెల్లర్ (పంపులో నీళ్లను తోసే చక్రం).

9. తరచూ వచ్చే లోపాలు

గుయ్యిమనే శబ్దం ఆగకుండా వస్తే ముందు కాయిల్ దగ్గర వోల్టులు కొలవాలి. వోల్టులు సరిగ్గా ఉంటే కరెంటు తీసి, అయస్కాంతం ముఖాలను పొడిబట్టతో తుడవాలి. ముఖం మీద పొదిగిన చిన్న రాగి రింగు పగిలినా ఇదే శబ్దం వస్తుంది, అప్పుడు కాంటాక్టర్ మార్చడమే. అక్కడ గ్రీజు, నూనె రాయవద్దు.

పాయింట్లు నల్లబడ్డాయని ఆకురాయితో గీకేవారున్నారు. వెండి పూత పాయింట్ల మీది నలుపు కరెంటును ఆపదు. గీకితే పూత పోయి త్వరగా అతుక్కుంటాయి. అతుక్కున్న పాయింట్లను విడదీసి మళ్లీ వాడడం కూడా తగదు.

ఆర్‌సీసీబీ వాన పడినప్పుడే పడిపోతుంటే ఫ్లోట్ కేబుల్, మోటరు టెర్మినల్ పెట్టె చూడాలి. దాన్ని తీసేసి నడపడం పరిష్కారం కాదు.

గీజరుకు టైమర్‌తో కాంటాక్టర్ పెట్టాలనుకునేవారికి: 3 కిలోవాట్ల గీజరు 13 ఆంపియర్లు తీసుకుంటుంది కాబట్టి ఏసీ-1 అంకె చూసి ఎంచుకోవాలి. ఓవర్‌లోడ్ రిలే అక్కర్లేదు, గీజరులోని థర్మోస్టాట్‌ను మాత్రం ముట్టుకోవద్దు.

10. పని అప్పగించే ముందు

- వేసిన వైరింగ్ బొమ్మను, రిలే సెట్టింగును, తేదీని రాసి మూత లోపల అతికించాలి.
- ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ ఎక్కడుందో ఇంట్లోవాళ్లకు చూపించి, నెలకోసారి వాళ్ల చేతే నొక్కించే అలవాటు చేయాలి.
- వారం తరువాత కరెంటు తీసి, స్క్రూలన్నీ మరోసారి బిగించాలి. మళ్లీ ఏటా మార్చి నెలలో, నీళ్ల వాడకం పెరగకముందే.
- ఇంటి కరెంటు మీటరు దగ్గరే వోల్టేజీ 200కు దిగుతుంటే స్టార్టర్‌లో వెతకడం వృథా. ఉత్తర డిస్కమ్‌కు (ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థకు) 1912 నంబరులో ఫిర్యాదు చేసి, సరఫరా సరయ్యేదాకా సాయంత్రం వేళ మోటరు నడపకుండా, తెల్లవారుజామునే ట్యాంకు నింపుకోవాలి.